ఉప్పు అయిపోయింది, చేప ఉంది

పోయిన నెల నార్త్ కరోలినా నుంచి ఒక క్యాసెట్ వచ్చింది. మోరిస్‌విల్‌లో కొత్తగా మొదలైన తెలుగు సంఘం వాళ్లు క్రిస్మస్ పాటలు రికార్డు చేసి, తెలిసిన సంఘాలన్నిటికీ తలా రెండు మూడు పంపారు. అట్ట మీద పాటల పట్టిక శుభ్రంగా టైపు చేసి ఉంది. రెండో వైపు నాలుగో పాట ఎదురుగా "ప్రాచీన కీర్తన, రచయిత తెలియదు" అని ఉంది. ప్రాచీన కీర్తనలంటే నాకు గౌరవం. టేపు పెట్టి విన్నాను.

దూరమెంతొ వచ్చినావు, చేప ఉంది గిన్నెలో
కూరుచుండు యేసునాథ, చోటు ఉంది ఇంటిలో

ఆ తెలియని రచయితను నేను. ప్రాచీనత సంగతంటారా, మా వంటింట్లో ఫ్రిజ్ ఈ పాటకంటే వయసులో పెద్దది.

ఇందులో నా బాధ్యత సగమే. వరస కట్టిన మనిషి పోయి రెండేళ్లయింది. ఉండి ఉంటే ఈ అట్ట తీసుకెళ్లి చూపించేవాణ్ని. కళ్లజోడు నుదుటి మీదికి తోసి, ఆ "ప్రాచీన" అన్న మాటకి అర్థం అడిగి తెలుసుకుని, "నా పాట ప్రాచీనం కావడానికి ఇరవై ఏళ్లు పట్టింది, మీకు పదేళ్లే" అని అసూయపడేవాడు.

ఆయన పేరు ఇక్కడ రాయడం లేదు. ఆ పేరులో హల్లులు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చుంటాయి. మధ్యలో అచ్చు కోసం వెతికి మా సంఘంలో చాలామంది ఓడిపోయారు. పిల్లలు పియానో అంకుల్ అన్నారు. పెద్దలం కూడా అదే అని, గౌరవం కోసం చివర గారు తగిలించాం.

పోలండ్ దేశస్థుడు. వార్సాలో కవి, నాటకశాలలకు పాటలు రాసిన మనిషి. న్యూజెర్సీలో మా అద్దె హాలుకి బాయిలరు చూసే మనిషి. రెండూ ఒకే ఉద్యోగమని ఆయన అభిప్రాయం. "జనం వచ్చేసరికి గది వెచ్చగా ఉండాలి, అంతే కదా" అనేవాడు.

డెబ్బైల చివర్లో మాట ఇది. అప్పటికి మేం ఎనిమిది కుటుంబాలం. బాపట్ల, రేపల్లె, నరసాపురం వైపుల నుంచి వచ్చి పార్సిప్పనీ చుట్టుపక్కల అపార్ట్‌మెంట్లలో సర్దుకున్నవాళ్లం. సొంత చర్చి మా తాహతుకి మించిన పని కాబట్టి, పోలిష్ కాథలిక్కుల చర్చి కింద ఉన్న హాలు ఆదివారం మధ్యాహ్నాలకి అద్దెకి తీసుకున్నాం. ప్రొటెస్టెంట్లం అయ్యుండి కాథలిక్కుల కింద చేరడమేమిటని బాపట్ల నుంచి మా మేనమామ ఉత్తరం రాశాడు. బాయిలరు వాళ్లదే మామయ్యా అని జవాబు రాశాను.

శనివారాల్లో ఆ చర్చి ఆడవాళ్లు అదే హాల్లో బంగాళాదుంప కూరిన కజ్జికాయల్లాంటివి వందల కొద్దీ చేసేవారు. ఆదివారం మేం తలుపు తీసేసరికి వెన్నలో వేగిన ఉల్లిపాయ వాసన మా కోసం ఎదురుచూస్తూ ఉండేది. మేం వెళ్లిపోయేసరికి మసాలా వాసన వాళ్ల కోసం ఎదురుచూస్తూ ఉండేది. ఈ ఒప్పందం ఎవరూ కాగితం మీద పెట్టలేదు గానీ, రెండు పక్షాలూ నిష్ఠగా పాటించాయి.

మూడో ఆదివారమో నాలుగోదో, ఆరాధన అయిపోయి కుర్చీలు మడుస్తున్నాం. బాయిలరు గది తలుపు తెరుచుకుని ఒక మనిషి బయటికి వచ్చాడు. నీలం ఓవరాల్స్, లోపల తెల్లచొక్కా, టై. చేతిలో స్పానరు. నేరుగా మా ఆవిడ కరుణ దగ్గరికి వచ్చి, వంగి, ఆవిడ చెయ్యి అందుకుని ముద్దు పెట్టుకున్నాడు. అది వాళ్ల దేశంలో మర్యాదని మాకు అప్పుడు తెలియదు. పక్కనే ఉన్న పాస్టరమ్మగారు పరిస్థితి గమనించి రెండు చేతులూ వెనక్కి పెట్టేసుకుని, "వందనాలండీ" అన్నారు గట్టిగా. ఆయన ఆ వందనానికి కూడా అంతే గౌరవంగా వంగాడు.

"మీ మూడో పాట" అన్నాడు ఇంగ్లీషులో, ఒక్కో మాటా బరువు చూసి కింద పెడుతున్నట్టు. "రెండో వరుసలో ఒక ముక్క ఎక్కువుంది."

"మీకు తెలుగు వచ్చాండీ?" అన్నారు మా పాస్టరు గారు. ఆయన్ని మేం అయ్యగారంటాం. వారంలో ఐదు రోజులు వంతెనల ఇంజనీరు, ఆదివారం పాస్టరు.

"రాదు. లెక్కపెట్టడం వచ్చు."

స్పానరుతో రేడియేటరు మీద తాళం కొట్టి చూపించాడు. నిజమే. ఇంగ్లీషు వరసలో తెలుగు మాటలు కుక్కిన పాత అనువాదం అది. ఆ చోటికి రాగానే మేమంతా ఒక అక్షరం మింగేసి, పరిగెత్తుకెళ్లి రాగాన్ని అందుకుంటాం.

"వందేళ్ల నుంచి ఇలాగే పాడుతున్నామండీ" అన్నారు అయ్యగారు, కొంచెం నొచ్చుకుని.

"అయితే వందేళ్ల నుంచి ఎక్కువుంది" అన్నాడాయన. తర్వాత మా ముఖాలు చూసి జాలిపడ్డాడు. "ఫర్వాలేదు. వార్సాలో ఇంకా అన్యాయంగా పాడేవారు."

ఈ ఆఖరి మాట ఆయన దగ్గరున్న అతిపెద్ద ప్రశంస అని తర్వాత అర్థమైంది. కరుణ చేసిన ఆవకాయ, నా డ్రైవింగు, మా పెద్దమ్మాయి వయొలిన్, అన్నీ వార్సాతో పోల్చి గట్టెక్కాయి.

నన్ను ఇంజనీరు గారూ అనేవాడు. నేను మందుల కంపెనీలో కెమిస్టునని చాలాసార్లు విన్నవించుకున్నాను. వాళ్ల దేశంలో చదువుకున్నవాణ్ని ఏదో ఒక హోదాతో పిలవకపోతే మర్యాద కాదట. కెమిస్టు అని పిలిస్తే మందుల కొట్టువాణ్ని పిలిచినట్టుంటుందట. కాబట్టి నేను ఇంజనీరు గారు, కరుణ ఇంజనీరు గారి సతీమణి గారు. అసలు ఇంజనీరైన మా అయ్యగారు మాత్రం ఆయనకి ఫాదర్. భార్యా ఇద్దరు పిల్లలూ ఉన్న ఫాదర్‌తో ఆయన మనసు ఎలా సమాధానపడిందో నేను అడగలేదు.

హాల్లో పియానో ఆయన సొంత బిడ్డలాంటిది. అందులో నడిమధ్య ఒక మెట్టు నొక్కితే పలకదు. ఎందుకు బాగుచేయరని అడిగాను.

"అక్కడ ఖాళీ ఉంటే జనం ఆ స్వరాన్ని గొంతుతో పూరిస్తారు ఇంజనీరు గారూ. అన్నీ పియానోయే వాయించేస్తే వాళ్లెందుకు పాడతారు?"

ఆ మాట నాకు ఎంతో నచ్చి, ఆఫీసులో ఇద్దరు ముగ్గురికి చెప్పాను. ఏడాది తర్వాత తెలిసింది, ఆ మోడల్‌కి విడిభాగాలు దొరకడం మానేశాయని.

ప్రతి సోమవారం క్రాకూలో ఉన్న అక్కకి ఉత్తరం రాసేవాడు. ఆవిడ బడిపంతులమ్మ. ఉత్తరం అక్కడ ఆవిడ కంటే ముందు ప్రభుత్వం వారు విప్పి చదువుతారని ఆయనకి తెలుసు. అందుకని చివర ఎప్పుడూ ఒక వాక్యం చేర్చేవాడు: "మధ్యలో చదువుతున్న ఆఫీసరు గారికి కూడా నా నమస్కారాలు, వారి ఇంట్లో అందరూ క్షేమమని తలుస్తాను." ఒకసారి అక్క దగ్గర నుంచి వచ్చిన కవరు చాలా చక్కగా, కొత్త జిగురుతో అంటించి ఉంది. "చూశారా, మర్యాద తెలిసిన మనిషే" అన్నాడు.

ఇక ఆ చేప సంగతి.

ఆ ఏడు పిల్లల చేత క్రిస్మస్‌కి ఒక కొత్త పాట పాడించాలని సంఘం తీర్మానించింది. వరస ఆయన కడతానన్నాడు. మాటల భారం నా మీద పడింది. కాలేజీ రోజుల్లో వార్షిక సంచికలో రెండు పద్యాలు వేశానన్న నేరం ఎవరో బయటపెట్టారు. ఒక శనివారం ఆయన్ని కారులో ఎక్కించుకుని మా అపార్ట్‌మెంట్‌కి తీసుకొచ్చాను. భోజనానికి అయ్యగారు, అమ్మగారు కూడా వచ్చారు. పోర్చుగీసువాళ్ల కొట్లో దొరికిన, పేరు తెలియని చేపతో కరుణ పులుసు పెట్టింది.

ఆయన టేబుల్ మీద వేలి కణుపులతో కొడుతూ వరస పాడాడు. మాటలేమీ లేవు, తా-న తా-న అంతే. తర్వాత నా వైపు తిరిగాడు.

"మాటలు, ఇంజనీరు గారూ."

"ఆలోచిస్తున్నానండీ. రక్షణ, వెలుగు, కృప, ఈ మూడూ ఎలాగైనా రావాలి."

"ఆలోచించిన మాటలు చివర. ముందు చేతికి దొరికిన మాటలు. అదేం కాగితం?" ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద ఉన్న చీటీ చూపించాడు.

"ఈ వారం కొనాల్సిన సరుకులు."

"చదవండి. ఈ తాళంలో."

వార్సాలో ముప్ఫై ఏళ్లు ఆయన ఇలాగే పని చేశాడట. వరస కుదరగానే ఇంట్లో సరుకుల చీటీ తీసి అందులో పోసేవాడు. పాట నిలబడుతుందో లేదో దాంతో తెలిసిపోతుంది. తర్వాత తీరిగ్గా ఒక్కో సరుకూ తీసి దాని స్థానంలో ఒక్కో భావం పెట్టుకుంటూ పోవడమే. నేను సిగ్గుపడుతూ మొదలుపెట్టాను.

"చింతపండు, ఉల్లిపాయ, చేప..."

"చేప రాశానా? కొట్టేయండి" అంది కరుణ పొయ్యి దగ్గర నుంచి. "చేప ఉందిగా గిన్నెలో!"

ఆయన కణుపులు టక్కున ఆగాయి. "ఆవిడేమన్నారు? మళ్లీ అనమనండి."

మళ్లీ అనిపించాం. ఐదు నిమిషాల్లో మొదటి చరణం తయారైంది.

చింతపండు, ఉల్లిపాయ, చేప ఉంది గిన్నెలో
పచ్చిమిర్చి, కొత్తిమీర, పప్పు లేదు ఇంటిలో

రెండో పాదం చివర కూడా కరుణదే. పప్పు అయిపోయిందన్న సంగతి నాకు గుర్తు చేయడానికి ఆవిడకి ఛందస్సు బాగా ఉపయోగపడింది. ఈ సృష్టి జరుగుతున్నంతసేపూ అయ్యగారు మౌనంగా పులుసు మీదే దృష్టి నిలిపి, రెండోసారి వేయించుకున్నారు.

తర్వాతి మూడు వారాల్లో చింతపండు పోయింది, ఉల్లిపాయ పోయింది, పచ్చిమిర్చీ కొత్తిమీరా పోయాయి. దూర, కూరు అని ప్రాస కూడా దానంతటది పడింది. పప్పు లేని ఇంట్లో చోటు ఏర్పడింది. మిగిలింది చేప. దాని స్థానంలో "ప్రేమ ఉంది గుండెలో" అని రాసి, గర్వంగా బాయిలరు గదికి తీసుకెళ్లాను. అర్థం అడిగాడు. చెప్పాను.

"గుండెలో ప్రేమ అందరి పాటల్లోనూ ఉంటుంది ఇంజనీరు గారూ. గిన్నెలో చేప మీ ఇంట్లోనే ఉంది."

"అయినా దేవుడి పాటలో పులుసు గిన్నె ఏమిటండీ? నవ్వుతారు."

"నవ్వనివ్వండి. అంత దూరం నుంచి వచ్చినవాడికి ఆకలేయదా?"

నేను ఒప్పుకోలేదు. ఒప్పుకోకపోయినా ఒరిగిందేమీ లేదు. ఆయన పద్ధతిలో పాట పూర్తయ్యేదాకా ఆగడమన్నది లేదు కాబట్టి, మొదటి ఆదివారం నుంచే పిల్లలకి చేపతో సహా నేర్పేశాడు. నేను ప్రేమని పట్టుకుని వెళ్లేసరికి ఆలస్యమైపోయింది.

"అంకుల్, మేము ఫిష్ ఆల్రెడీ లర్న్ చేశాం. నౌ ఇట్స్ స్టక్" అంది మా పెద్దమ్మాయి. మిగతా పిల్లల ముందు నన్ను కూడా అంకుల్ అనేసేది.

క్రిస్మస్ ఆరాధనలో పన్నెండు మంది పిల్లలు, అమెరికా యాసలో, చేప దగ్గర అందరికంటే గట్టిగా పాడారు. నేను నేల వైపు చూస్తున్నాను. అయ్యగారు లేచారు. బైబిలు తెరిచారు. పునరుత్థానుడైన ప్రభువు శిష్యుల దగ్గర కాల్చిన చేప ముక్క అడిగి తిన్న సంగతి, గలిలయ సముద్రం ఒడ్డున నిప్పుల మీద చేప సిద్ధం చేసిన సంగతి, ఐదు రొట్టెల పక్కన రెండు చేపల సంగతి, ఇరవై నిమిషాలు చెప్పారు. "రచయిత ఈ ఒక్క మాటలో ఎంత లోతు పెట్టారో చూడండి" అని ముగించారు. అందరూ నా వైపు తిరిగి చూశారు. లోతుగా కనిపించడానికి ప్రయత్నించాను. బాయిలరు గది తలుపు సందులోంచి ఒక కన్ను కొట్టబడింది.

ఆ తర్వాత ప్రతి క్రిస్మస్‌కీ ఆ పాటా, ఆ ప్రసంగమూ ఉన్నాయి. ప్రసంగం ఏటేటా కాస్త పెరిగింది.

ఆయనకి డ్రైవింగ్ రాదు. పియానో తీగలకో, బాయిలరు వాల్వులకో వెళ్లాల్సి వస్తే శనివారాల్లో నేనే తీసుకెళ్లేవాణ్ని. అలాంటి ఒక రోజున కారులో ఒక పాట కూనిరాగం తీస్తున్నాడు. ఆ పాట నాకు బాగా తెలుసు. మమ్మల్నీ పిలిచే వాళ్ల పెళ్లిళ్లలో ముసలీ ముతకా లేచి నిలబడి భుజాల మీద చేతులేసుకుని పాడేది. ఆయనే పియానో వాయించేవాడు. పాట అవగానే మొదటి ప్లేటు పెళ్లివారికి కాకుండా పియానో మీదికి వచ్చేది, పక్కన ఒక ఉప్పు సీసాతో. ఆయన రుచి చూడకుండానే ఉప్పు చల్లుకునేవాడు. వాళ్ల వంటల్లో ఉప్పు తక్కువేమో అనుకునేవాణ్ని.

"మీ జానపదం కదండీ అది" అన్నాను.

"అవును. నేనే రాశాను" అన్నాడు, ఎడమ వైపు తిరగమన్నంత మామూలుగా.

నేను ఎగ్జిట్ దాటిపోయాను. వెనక్కి తిరిగి వచ్చేలోగా మొత్తం చెప్పాడు. వార్సాలో ఒక హాస్యనాటకం కోసం, గొర్రెలకాపరి వేషం వేసిన ఒక లావుపాటి నటుడి కోసం, ట్రాములో కూర్చుని రాశాడట. కొండ మీది కాపరిని కింద నుంచి పిల్ల పిలుస్తుంది: "దిగి రా, దిగి రా, ఉప్పు అయిపోయింది." ఆ ఉప్పు ఆయన భార్య రాసిచ్చిన చీటీలోది. మిగతా సరుకులన్నీ తీసేశాడు గానీ అది తీయబుద్ధి కాలేదు. దేశమంతా పాడింది. తర్వాత ఇంకో నాటకంలో ఒక మంత్రి గారి మీద అవసరమైనదానికంటే రెండు పాదాలు ఎక్కువ రాశాడు. భార్య అప్పటికే చనిపోయింది. దేశం వదిలి వచ్చేశాక రేడియోలో ఆయన పాటలన్నీ ఆపేశారు. ఈ ఒక్కటీ జనం ఆపలేదు. అందుకని పేరు తీసేసి, జానపద గీతం అని ప్రకటించడం మొదలుపెట్టారు.

"మరి ఇక్కడ మీవాళ్లకి చెప్పొచ్చు కదా?"

టై సర్దుకున్నాడు.

"ఒక్కసారి ఎవరైనా కాగితం మీద ఆ పాట కింద నా పేరు వేస్తే చూడాలని ఉంది ఇంజనీరు గారూ. దాచడమెందుకు, చాలా ఉంది. కానీ నేను అడిగితే అది పేరు కాదు, దరఖాస్తు. మీరు నా తరఫున అడిగినా అంతే. మాటివ్వండి."

మాటిచ్చాను. ఇచ్చిన దగ్గర నుంచి నాకు మొదలైంది ఇబ్బంది.

పోలండ్‌లో సైనికపాలన వచ్చిన శీతాకాలం, ఆ చర్చివాళ్లు అక్కడికి మందులు, బట్టలు పంపడానికి ఒక సాయంత్రం కార్యక్రమం పెట్టారు. మా సంఘం కూడా ఒక బల్లెడు పులిహోర, నాలుగు అట్టపెట్టెల కోట్లు తీసుకెళ్లింది. తలుపు దగ్గర కార్యక్రమ పత్రం పంచారు. ఆయన పియానో ముందు కూర్చుని, కళ్లజోడు దించుకుని, పాటల వరుస మీద వేలు పెట్టి కిందికి జరుపుకుంటూ పోయాడు. ఆ పాట దగ్గర వేలు ఆగింది. జానపద గీతం అని ఉంది. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. అక్కడ తన పేరుండదని ఆయనకి ముందే తెలుసు. అయినా వేలు ఆగింది. అది చూసినవాణ్ని నేనొక్కణ్నే.

పాటకి ముందు ఒక కాలేజీ ప్రొఫెసరు గారు మాట్లాడారు. ఈ పాట మూడు వందల ఏళ్ల నాటిదని, దక్షిణాన కొండజాతుల్లో పుట్టిందని, పల్లవిలో ఉప్పు ప్రస్తావనే అందుకు తిరుగులేని సాక్ష్యమని చెప్పారు. అప్పట్లో ఉప్పు వర్తకుల దారి ఆ కొండల గుండానే పోయేదట. పియానో దగ్గర మా మనిషి ప్రతి వాక్యానికీ తల ఊపుతున్నాడు. నేను కుర్చీలోంచి సగం లేచాను. కరుణ నా కోటు పట్టుకుని కూర్చోబెట్టింది.

"మాటిచ్చారు కదండీ."

"ఆయన వంక చూడు, ఎలా వింటున్నాడో!"

"చూస్తున్నా. ఆయనే కూర్చున్నారు, మీకెందుకు?"

కార్యక్రమం అయ్యాక ప్రొఫెసరు గారు పియానో దగ్గరికి వచ్చి, చాలా బాగా వాయించారని మెచ్చుకుని, ఈ పాట మీకెప్పటి నుంచి తెలుసని అడిగారు.

"పసిగుడ్డుగా ఉన్నప్పటి నుంచి" అన్నాడాయన. తర్వాత ఎంతో వినయంగా, "ఆ కొండల్లో ఏ ఊరన్నారు? ఎప్పుడైనా వెళ్తే చూసి వస్తాను" అన్నాడు. ప్రొఫెసరు గారు ఊరి పేరు కాగితం మీద రాసిచ్చారు.

తిరిగి వచ్చేటప్పుడు కారులో అడిగాను, బాధ లేదా అని. "మూడు వందల ఏళ్లు బతుకుతానని నేనే అనుకోలేదు" అన్నాడు. తర్వాత, "ఆ పైస్థాయి పాడిన సోప్రానో అమ్మాయి రెండో చరణంలో తప్పింది. ఫర్వాలేదు, వార్సాలో..." అని, వాక్యం పూర్తి చేయకుండా కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు.

ఆయన పోయింది రెండేళ్ల కిందట, శీతాకాలం చివర. ఆదివారం మేం వెళ్లేసరికి హాలు చల్లగా ఉంది. అప్పుడే తెలిసింది. పొద్దున పూజకి రాలేదని చూడబోతే నిద్రలోనే వెళ్లిపోయాడట.

అంత్యక్రియలకి మా ఎనిమిది కుటుంబాలూ వెళ్లాయి. చివర, అందరూ లేచి నిలబడి, పెళ్లిళ్లలో పాడే ఆ పాటే నెమ్మదిగా పాడారు. ఎవరో కుర్రది పియానో వాయించింది, ఆయనకంటే బాగానే. ఇక నా వల్ల కాలేదు. ఇచ్చిన మాట బతికున్న మనిషికిచ్చింది కదా అని నాకు నేను తీర్పు చెప్పుకున్నాను. శనివారం వంటలకి పెద్ద అయిన ముసలావిడ పక్కనే ఉంది. తొంభైకి దగ్గర పడ్డ మనిషి, నన్నెప్పుడూ నాయనా అన్నట్టే పిలిచేది.

"అమ్మా, మీకొక సంగతి చెప్పాలి. ఈ పాట..."

"చేతిలో కాగితం ఉందిగా. చదువు" అందావిడ.

అంత్యక్రియల పత్రం అప్పటిదాకా నేను విప్పలేదు. విప్పాను. పాట పేరు. దాని కింద, మాటలు, సంగీతం అని, ఆయన పేరు. హల్లులన్నీ వరుసగా, ఒక్కటీ తప్పిపోకుండా, పైగీతలతో, అడ్డగీతలతో సహా.

"మీకు తెలుసా?"

"తెలియకపోవడమేమిటి? మా ఇంట్లో ఆయన ఫొటో పడ్డ పత్రిక ఉండేది. స్పానరు పట్టుకుని వచ్చిన మొదటి రోజే గుర్తుపట్టాం."

"మరి ఇన్నాళ్లూ ఎందుకు వేయలేదమ్మా? ఆయనకి ఎంత..."

"ఆయన అక్క అక్కడుంది కదా నాయనా. ఇక్కడ అచ్చయిన కాగితం అక్కడికి చేరకుండా ఉంటుందా? దేశం వదిలి పోయినవాడి పేరు మేం ఊరేగిస్తే ఆవిడ ఉద్యోగం, ఆ తర్వాత పింఛను ఏమవుతాయి? పోయిన శరత్తులో ఆవిడ పోయింది. ఈస్టర్‌కి వేద్దామనుకున్నాం. ఆయన ఆగలేదు."

ఆవిడ నా చెయ్యి తట్టింది.

"అలా మొహం పెట్టకు. మేం చెప్పలేదని ఎవరన్నారు? పియానో వాయించేవాళ్లు మాలో నలుగురున్నారు, ఆయన ఒట్టి సుమారు. ఆ పాటకి ఎప్పుడూ ఆయన్నే ఎందుకు కూర్చోబెట్టాం? ప్రతిసారీ ఆయన ప్లేటు పక్కన ఉప్పు సీసా ఎందుకు పెట్టాం?"

రుచి చూడకుండా ఉప్పు చల్లుకునే ఆ చెయ్యి కళ్ల ముందు మెదిలింది. పెళ్లి తర్వాత పెళ్లి, పదేళ్ల పాటు, ఒక హాలంతా ఆయనకి పేరు చెబుతూనే ఉంది. ఆయన అందుకుంటూనే ఉన్నాడు. కాగితం ఒక్కటే ఆలస్యమైంది. పోలిష్ వంటల్లో ఉప్పు తక్కువని పదేళ్లు నమ్మిన కెమిస్టుని నేను.

క్యాసెట్ విన్న రోజే అయ్యగారు ఫోన్ చేశారు. వాళ్లకీ ఒకటి అందింది.

"వందనాలు బ్రదర్. పాట విన్నారా? వాళ్లు ఇంకో విడత కాపీలు తీస్తారట. రచయిత ఎవరో తెలిస్తే చెప్పమన్నారు. ఏమని చెప్పమంటారు?"

"అయ్యగారూ" అన్నాను, గొంతు సవరించుకుని. "ఇన్నేళ్లూ మీకు చెప్పనిది ఒకటుంది. ఆ చేప గలిలయది కాదు."

"నాకు తెలియదా బ్రదర్? ఆ రోజు ఆ పులుసు రెండుసార్లు వేయించుకున్నది నేను కాదా?"

ఫోను ఆ చెవి నుంచి ఈ చెవికి మార్చుకున్నాను. "మరి ఆ ప్రసంగం? రచయిత పెట్టిన లోతు?"

"ప్రసంగంలో చెప్పిందంతా సువార్తలో ఉంది. మీ గిన్నెలో చేప కూడా ఉంది. రెండిట్లో అబద్ధమేది?"

"నాతో ఒక్క మాట అనొచ్చు కదండీ!"

"అంటే మీరు సిగ్గుపడి మార్చేస్తారు" అన్నారు అయ్యగారు. వంతెనలు కట్టే మనిషి, ఏ స్తంభం తీయకూడదో తెలుసు. "సరే చెప్పండి, రాసుకుంటాను."

సొరుగులోంచి అంత్యక్రియల పత్రం తీశాను. "సంగీతం అని వేసి, రాసుకోండి" అని ఒక్కో అక్షరం చెప్పడం మొదలుపెట్టాను. నాలుగో అక్షరం దగ్గర అయ్యగారు ఆపారు.

"మధ్యలో అచ్చేదీ బ్రదర్?"

"ఇప్పట్లో రాదండీ. అలాగే రాసుకోండి. తర్వాత ఎల్, దాని మీద అడ్డగీత. గీత మర్చిపోకండి."

పేరు పూర్తి కావడానికి చాలాసేపు పట్టింది. అయ్యగారు మొదటి నుంచి చివరిదాకా తిరిగి చదివి వినిపించారు. ఒక్కటి కూడా తప్పలేదు.

"మరి మాటలు?"

"చేప ముక్క నాది, చెప్పండి" అంది కరుణ వంటింట్లోంచి.

"మాటల దగ్గర తెలియదనే ఉండనివ్వండి" అన్నాను. అవతల అయ్యగారు నవ్వుతున్నారు. "ఆదివారం భోజనానికి అమ్మగారితో మా ఇంటికి రండి. పులుసే."

ఫోను పెట్టేసి వంటింట్లోకి వెళ్లాను. కరుణ ఫ్రిజ్ మీద చీటీలో ఏదో రాస్తోంది. ఆవిడ భుజం మీంచి చూశాను. మొదటి మాట ఉప్పు. అయిపోయిందట.